షుగరు డాక్టరు అడగని ప్రశ్న

ఆశా కార్యకర్తల దగ్గర ‘సీబ్యాక్’ అనే ఫారం ఒకటి ఉంటుంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ ఇంటికెళ్లి అడిగి నింపాల్సిన కాగితం అది. బీడీ, గుట్కా అలవాటుందా, మందు తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ ఉన్నాయా అంటూ మొదలవుతుంది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకొంచెం లోపలికి వెళుతుంది. రొమ్ములో గడ్డ తగులుతోందా, ముట్టు రోజులు కాకుండా మధ్యలో రక్తం కనిపిస్తోందా, భర్తతో కలిసిన తర్వాత రక్తస్రావం అవుతోందా, తెల్లబట్ట దుర్వాసన వస్తోందా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టుకోవాలంటే ఇవి అడగక తప్పదు. వేములవాడలోనో కథలాపూర్‌లోనో వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న పక్కింటి వదినను ఆశా కార్యకర్త ఈ మాట అడగాలని సర్కారు అనుకుంటోంది. న్యాయమైన ఆశే.

అదే ఫారంలో మగవాళ్ల కోసం ఇలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు. ఆ ఫారంతోనే షుగరు బయటపడి, నెలనెలా మాత్రల కోసం ఆస్పత్రికి వచ్చే మగమనిషిని అక్కడి డాక్టరు కూడా సాధారణంగా అడగడు. కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయా అంటాడు, చూపు మసకబారిందా అంటాడు, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నావంటాడు. సంసారం సంగతి మాత్రం ఎత్తడు. ఐదున్నరేళ్లు ఎంబీబీఎస్ చదివినవాళ్లు దాటలేని గడపను గౌరవ వేతనం మీద పనిచేసే ఆశా అక్క దాటాలని కోరుకుంటున్నాం.

డాక్టర్ల సమాధానం తెలిసిందే. రోగి చెబితే కదా మేం చూసేది అంటారు. రోగి చెప్పడు. 1999లో అమెరికాలో 500 మంది పెద్దవాళ్లతో జరిపిన సర్వే ఒకటి ‘జామా’ వైద్య పత్రికలో వచ్చింది. లైంగిక సమస్య ఉందని చెప్పుకుంటే డాక్టరు కొట్టిపారేస్తాడని 71 శాతం మంది అనుకున్నారు. తాము అడిగితే పాపం డాక్టరే ఇబ్బంది పడతాడని 68 శాతం మంది వెనకాడారు. పోనీ అక్కడి డాక్టర్లయినా అడుగుతున్నారా అంటే, 2012లో అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సర్వేలో లైంగిక సమస్యల గురించి మామూలుగానే అడుగుతామన్నవాళ్లు 40 శాతం. కాబట్టి ‘మా ఏరియాలో ఇవన్నీ మాట్లాడరండీ’ అనే సాకు చెల్లదు. ఎక్కడా మాట్లాడరు. జీతం తీసుకుని తెల్లకోటు వేసుకున్నవాళ్లే ముందు నోరు విప్పాలి. అది సెక్సాలజిస్టు గదిలో కాదు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆస్పత్రుల షుగరు, బీపీ ఓపీలోనే జరగాలి.

అక్కడే ఎందుకంటే, గుండెజబ్బు తొలి గుర్తు అక్కడే దొరుకుతుంది కాబట్టి. అంగస్తంభనకు రక్తం పంపే నాళాల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించే కరోనరీ నాళాలది 3 నుంచి 4. ఒకే చెరువు కింది కాలువల్లో పూడిక పేరుకుంటే పిల్లకాలువ ముందు మూసుకుపోతుంది. చాలామంది మగవాళ్లలో గుండెజబ్బు బయటపడటానికి 2 నుంచి 5 ఏళ్ల ముందే పడకగదిలో తేడా తెలిసిపోయేది ఇందుకే. 45 ఏళ్ల మనిషి ‘ఈ మధ్య చాతనైతలేదు సారూ’ అన్నాడంటే డాక్టరు ఈసీజీ, కొలెస్ట్రాల్ పరీక్షలు రాయాలి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లలో 52 శాతం మందికి ఎంతో కొంత అంగస్తంభన సమస్య ఉంది. షుగరున్నవాళ్లలో ఆ సామర్థ్యం పూర్తిగా పోవడం మిగతావారికంటే దాదాపు మూడు రెట్లు. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, షుగరు ఓపీ బయట బెంచీ మీద కూర్చున్న మగవాళ్లలో ఎంతమంది ఈ బాధను లోపలే దాచుకున్నారో ఊహించడం కష్టం కాదు.

మందుల సంగతి ఇంకోటి. అటెనలాల్ వంటి పాత బీపీ మాత్రలు, కొన్ని నీటి మాత్రలు కొందరిలో ఈ సమస్యను పెంచుతాయి. డిప్రెషన్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటికీ ఈ గుణం ఉంది. నేతన్నల ఆత్మహత్యలు చూసిన సిరిసిల్లలో డిప్రెషన్ మందు మధ్యలో మానడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. రోగి ఏం చేస్తాడు? తేడా గమనిస్తాడు, మందు మీద అనుమానపడతాడు, ఎవరికీ చెప్పకుండా ఆపేస్తాడు. వచ్చే నెల బీపీ 170 దాటితే ‘మాత్రలు వేసుకుంటలేవా’ అని డాక్టరు కసురుకుంటాడు. ‘వేసుకుంటున్న’ అని రోగి అబద్ధమాడతాడు. డాక్టరు డోసు పెంచుతాడు. మందు మార్చితే పోయే ఇబ్బంది ఇది, ఆ ప్రత్యామ్నాయాలు సర్కారు దవాఖానలోనే ఉన్నాయి. అడగకపోవడం వల్ల ఇద్దరూ ఒకరినొకరు నెలల తరబడి మోసం చేసుకుంటారు.

ప్రాణం మీదికొచ్చే సందర్భం కూడా ఉంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ ఇప్పుడు ఏ మందుల షాపులోనైనా చిల్లరకు దొరుకుతుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందది, అమ్ముతున్నారు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌తో ఇది కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల దాకా, టాడలాఫిల్ అయితే 48 గంటల దాకా నైట్రేట్ మందులు ఇవ్వకూడదు. అర్ధరాత్రి 108లో వచ్చిన మనిషిని పక్కన భార్య, బావమరిది, ఇద్దరు పాలోళ్లు నిలబడి ఉండగా డ్యూటీ డాక్టరు ఎలా అడగాలి? చుట్టూ ఉన్నవాళ్లను రెండు నిమిషాలు బయటికి పంపి అడగాలి. ఎలాగో ఎవరూ నేర్పలేదు కనక చాలాసార్లు అడగరు.

చిన్న విషయమే కానీ ఇళ్లలో చిచ్చుపెట్టేది ఒకటుంది. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర పేటెంటు 2020లో ముగిశాక ధర బాగా తగ్గింది, వాడకం పెరిగింది. మంచి మందే, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుంది. కానీ చక్కెరను మూత్రంలోకి పంపుతుంది కాబట్టి కొందరికి మర్మాంగాల దగ్గర ఫంగస్ పడుతుంది, దురద, ఎరుపు వస్తాయి. మొదటిరోజే చెప్పి, శుభ్రంగా కడుక్కొమ్మని, వస్తే ఈ పూత మందు రాసుకొమ్మని అంటే సరిపోతుంది. చెప్పకపోతే? దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన భర్తకు ఈ దురద వస్తే భార్య ఏమనుకుంటుంది? సంసారం మీద అనుమానపు నీడ పడుతుంది. డాక్టరు ఒక వాక్యం మింగేసినందుకు పడే శిక్ష అది.

డాక్టరు వదిలేసిన జాగాలోకి ఎవరొస్తారో మన గోడలే చెబుతాయి. బస్టాండు గోడలు, కరెంటు స్తంభాలు, పత్రికల లోపలి పేజీల్లో అంగుళం ప్రకటనలు. ప్రతినెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో గుప్తరోగాలు చూడబడును. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను సూటిగా నిషేధించింది. మొదటిసారి తప్పుకు ఆరు నెలల దాకా జైలు, మళ్లీ చేస్తే ఏడాది. 70 ఏళ్లు దాటిన ఈ చట్టాన్ని వెక్కిరిస్తూ ప్రకటన గోడ మీదే ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లు, ‘ధాతువు పోతోంది, నరాల బలహీనత వచ్చింది’ అంటారు. సప్తధాతువుల్లో చివరిదైన శుక్రం పోతే ప్రాణశక్తి పోయినట్టేననే నమ్మకం మన సమాజంలో పాతది. దీని చుట్టూ అల్లుకునే భయానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని 1960లో పేరు పెట్టింది మన దేశపు మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్. స్వప్నస్ఖలనం జబ్బు కాదని పది నిమిషాలు కూర్చోబెట్టి చెబితే సగం భయం పోతుంది. ఆ పది నిమిషాలు దొరకని కుర్రాడు భస్మాల కోర్సుకు వేలు పోస్తాడు. ఆ పొడుల్లో సిల్డెనాఫిల్‌నే కలిపి ఇచ్చేవాళ్లున్నారు. గుండెజబ్బు ఉన్న మనిషి అది మింగితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

జనం అడగరు అనడం కూడా పూర్తి నిజం కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు, విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం తెలుగు వారపత్రికల్లో దశాబ్దాల పాటు ఈ ప్రశ్నలకే జవాబులిచ్చారు. పల్లెల నుంచీ ఉత్తరాలు వెళ్లాయి. ముంబయిలో డాక్టర్ మహీందర్ వత్స 2020 డిసెంబరులో 96 ఏళ్ల వయసులో చనిపోయే దాకా పత్రికలో ఇదే పని చేశారు. ఉత్తరం రాసినవాళ్లందరికీ తమ ఊళ్లోనో పక్క పట్నంలోనో ఒక డాక్టరు ఉండే ఉంటాడు. జ్వరానికి ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. ఈ ఒక్క సంగతికి మాత్రం ముఖం చూడక్కర్లేని దూరపు డాక్టరును వెతుక్కున్నారు. ఇప్పుడా ఉత్తరాలు యూట్యూబులోకి, వాట్సాప్‌లోకి మళ్లాయి. సమరం గారి స్థానంలో ఎవరు కూర్చున్నారో అడగకండి.

ఇక మన ప్రాంతపు అసలు కథకు వద్దాం. పెళ్లయి నాలుగైదేళ్లయినా కడుపు పండని జంటలు ఎములాడ రాజన్నకు కోడె మొక్కుకుంటారు. తలంటుకుని, ధర్మగుండంలో మునిగి, కోడె పగ్గం పట్టి గుడి చుట్టూ తిరిగి కట్టేస్తారు. అక్కడినుంచి బద్ది పోచమ్మ దగ్గరికి. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు, రాజన్న ఎవరినీ స్కానింగు రిపోర్టు అడగడు. పేచీ సంతాన సాఫల్య కేంద్రాలతో. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ ఎన్నో ఇళ్లలో మగవాడు గల్ఫ్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. వైద్యశాస్త్రం ప్రకారం సంతానలేమి అనాలంటే దంపతులు 12 నెలలు క్రమం తప్పకుండా కలిసి ఉండి, ఏ గర్భనిరోధకమూ వాడకుండా గర్భం రాకపోవాలి. పెళ్లయి ఐదేళ్లయిన గల్ఫ్ జంట మొత్తం కలిసున్నది ఆరు నెలలు మించకపోవచ్చు. ఒక్కో రుతుచక్రంలో గర్భం నిలిచే అవకాశమున్న రోజులు ఆరు. రెండు నెలల సెలవులో అవి పన్నెండు. అందులో బంధువుల ఇళ్ల విందులు, పెళ్లిళ్లు, బ్యాంకు పనులు, ఇల్లు కట్టే మేస్త్రీతో తగువులు పోగా మిగిలిందెంత? పైగా ఈసారైనా కావాలన్న ఒత్తిడి. ఆ ఒత్తిడితోనే చాలామంది మగవాళ్లకు ఆ రోజుల్లోనే కలయిక విఫలమవుతుంది. అత్త కోడలిని తీసుకుని కేంద్రానికి వెళుతుంది. రక్తపరీక్షలు, స్కానింగులు, ఇంజెక్షన్లు మొదలవుతాయి.

అక్కడి డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ ల్యాబుకూ సంబంధించింది కాదు. పెళ్లయ్యాక మీరిద్దరూ ఎన్ని నెలలు ఒకచోట ఉన్నారు? రెండోది, కలయిక సరిగా జరుగుతోందా? పెళ్లయి ఏళ్లు గడిచినా శారీరకంగా కలవని జంటలు సంతానం కోసం వైద్యుల దగ్గరికి రావడం అరుదేమీ కాదు. భయంతో బిగుసుకుపోయే భార్య, రెండుసార్లు విఫలమై ఇక ప్రయత్నమే మానేసిన భర్త, ఇద్దరూ ఎదుటివాళ్ల పరువు కాపాడుతూ నోరు మూసుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఐవీఎఫ్ కాదు. పిల్లలు కలగని కేసుల్లో సగానికి దగ్గరగా మగవాడి వైపు కూడా కారణముంటుంది. అయినా ముందు కత్తెర, సూది, నింద ఆడమనిషి మీదికే వెళతాయి.

గల్ఫ్ ఇంకో పాఠం కూడా నేర్పింది, చెడ్డ పాఠం. వీసాకు ముందు వైద్య పరీక్షలో హెచ్ఐవీ తేలితే ప్రయాణం ఆగిపోతుంది. అక్కడికి వెళ్లాక తేలితే వెనక్కి పంపిస్తారు. అంటే ఈ ప్రాంతపు కార్మికుడికి డాక్టరు, లైంగిక ఆరోగ్యం అనే రెండు మాటలు కలిసి వినిపించింది తరచూ కూలీ పోయే సందర్భంలోనే. అలాంటి మనిషి డాక్టరు ముందు తనంతట తాను తెరుచుకుంటాడని ఎలా అనుకుంటాం? రోగి రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. అనుమతి లేకుండా హెచ్ఐవీ స్థితి వెల్లడించరాదని 2017 చట్టం చెబుతోంది. ఆ సంగతి రోగికి తెలియదు, ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా.

ఆడవాళ్ల విషయంలో అడగకపోవడానికి తోడు తప్పుగా వినడం కూడా ఉంది. బీడీలు చుట్టే ఆమె నడుం నొప్పి అంటే కూర్చుని కూర్చుని వచ్చిందని ఎవరైనా నమ్ముతారు. చాలాసార్లు నిజం కూడా అదే. కానీ కలయికలో నొప్పి, పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ కూడా ఆ మాట చాటునే వస్తాయి. తెల్లబట్ట అన్నదంటే ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్, ఒక్కోసారి ఏ జబ్బూ లేని మామూలు స్రావం, ఒక్కోసారి చెప్పుకోలేని అసంతృప్తి, దిగులు. ఏదో తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు కావాలి. ఆ ఓపిక లేనిచోట ‘గర్భసంచి పాడైంది, తీసేస్తే పీడ పోతుంది’ అన్న మాట వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీసేసిన స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. 15-49 ఏళ్ల వాళ్లలో దాదాపు 9, 8 శాతం. అనవసరంగా గర్భసంచులు తీయడంపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలివ్వాల్సి వచ్చింది. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. కోత ఎండిందా అని చూస్తారు, పాలు పడుతున్నాయా అని అడుగుతారు. మళ్లీ సంసారం ఎప్పుడు మొదలుపెట్టొచ్చో, నొప్పి ఉంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు అరుదు. బాలింత అడగాలంటే పక్కన అత్తో అమ్మో ఉంటుంది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలుపెట్టిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమంలో మంగళవారాలు ఆడవాళ్లకు కేటాయించారు. క్యాన్సర్ పరీక్షలతో పాటు నెలసరి, సంతానలేమి, మెనోపాజ్, సుఖవ్యాధులను కూడా ఆ జాబితాలో చేర్చారు. సర్కారు కాగితం మీద ఇలాంటివి రాయడమే ఒక ముందడుగు. మగవాళ్లకు అలాంటి వారం లేదు. మగవాడికి ఆరోగ్య సమస్య ఉంటుందంటే తాగుడు, పొగ తప్ప మన పథకాలకు ఇంకేదీ గుర్తుకు రాదు.

డాక్టర్ల వైపు ఇబ్బందులు లేవనడం అన్యాయం. 67 దేశాల లెక్కలు తీసి 2017లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం మన దేశంలో ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగికి ఇచ్చే సమయం సుమారు రెండు నిమిషాలు. సర్కారు ఓపీలో రోగి కుర్చీ వెనకే తర్వాతి నలుగురు నిలబడి ఉంటారు. ఆరోగ్య కేంద్రంలో పాతికేళ్ల లేడీ డాక్టరు, ఎదురుగా తండ్రి వయసు మనిషి. ‘బాపూ’ అని ఆప్యాయంగా పిలిచి, ఆ వెంటనే ఈ ప్రశ్న అడగాలి. ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. ఎవరైనా అపార్థం చేసుకుని ఫోను తీసి వీడియో మొదలుపెడితే ఆమె ఉద్యోగం గతేమిటి? కానీ దీనికి పరిష్కారం మౌనం కాదు, మాట తీరు. ‘షుగరున్నోళ్లకు చాలామందికి సంసారంల ఇబ్బంది వస్తది బాపూ, దానికీ మందులున్నయి, మీకేమన్న ఉంటే చెప్పున్రి’ అంటే అందులో నింద లేదు, ఆరా లేదు. ఇవాళ చెప్పకపోయినా ఈ డాక్టరుకు చెప్పొచ్చని అతనికి తెలుస్తుంది. జాక్ ఆనన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1976లో లైంగిక సమస్యల చికిత్సను నాలుగు మెట్లుగా విడదీశాడు. మాట్లాడే అనుమతి ఇవ్వడం, అవసరమైనంత సమాచారం చెప్పడం, ఆ మనిషికి తగ్గ సూచన ఇవ్వడం, చివరగా నిపుణుడి చికిత్స. మొదటి రెండు మెట్లకు ఏ డిప్లొమా అక్కర్లేదు.

గది సమస్య కూడా అనుకున్నంత పెద్దది కాదు. ఏరియా ఆస్పత్రుల్లో హెచ్ఐవీ పరీక్షలు, కౌన్సెలింగు కోసం ఐసీటీసీ పేరుతో తలుపున్న గది, సెక్స్ గురించి తడబడకుండా అడగడంలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఇప్పటికే ఉన్నారు. సుఖవ్యాధులకు రంగురంగుల కిట్లతో సురక్ష క్లినిక్‌లు నడుపుతున్నది కూడా ఇదే ఎయిడ్స్ నియంత్రణ వ్యవస్థ. చిక్కేమిటంటే, ఆ గదిలోకి వెళ్లడం ఎవరైనా చూస్తే సాయంత్రానికి ఊళ్లో ముద్ర పడిపోతుంది. షుగరు, బీపీ కౌన్సెలింగును కూడా అదే గదిలో, అదే కౌన్సెలరుతో పెడితే తలుపు వెనక ఎవరు ఎందుకున్నారో ఎవరికీ తెలియదు. ఖర్చు ఒక బోర్డు మార్చినంత.

అసలు చిక్కు మాత్రం చదువులో ఉంది. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి ప్రత్యేకంగా పాసవ్వాల్సిన పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్‌లో కలిపేశారు. లైంగిక సమస్యలు అందులో ఒక మూల. ఇక ఫోరెన్సిక్ పాఠంలో స్వలింగ సంబంధాలను ‘అసహజ నేరాల’ జాబితాలో 2024 ఆగస్టు చివర మళ్లీ చేర్చిన జాతీయ వైద్య కమిషన్, గొడవ కావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. శ్రీరామనవమికి వేములవాడకు వచ్చే హిజ్రాలకు గతంలో ఆ పాఠం చదివిన డాక్టరు ఎలాంటి వైద్యం చేస్తాడో ఊహించుకోవచ్చు. డాక్టరు మాట తీరు నేర్పాలని కొత్త పాఠ్యప్రణాళికలో ‘ఎట్‌కామ్’ అనే భాగమైతే పెట్టారు, మార్పు మాత్రం వార్డులో కనిపించాలి.

జగిత్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరులో, సిరిసిల్లది 2023 సెప్టెంబరులో మొదలయ్యాయి. అక్కడి విద్యార్థులు వార్డులో కేస్‌షీటు రాయడం నేర్చుకుంటారు. వ్యక్తిగత వివరాలు అనే శీర్షిక కింద తిండి, ఆకలి, నిద్ర, మలమూత్రాలు, అలవాట్లు అని వరసగా రాస్తారు. తరాలుగా అన్ని కాలేజీల్లోనూ అదే వరస. ఆ వరసలో దాంపత్య జీవితం అని ఒక గీత గీయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, ఆ కాలేజీ మెడిసిన్ విభాగాధిపతి అనుకుంటే చాలు. ఫైనల్ పరీక్షలో షుగరు రోగి కేసు చెబుతున్న విద్యార్థిని, మలబద్ధకం గురించి అడిగినంత మామూలుగా పరీక్షకుడు దీని గురించి అడిగితే, తర్వాతి బ్యాచ్ ఆ గీత ఖాళీగా వదలదు.